పేద పిల్లలకు వసతి బడి కట్టిన విలియం ఆఫ్ వికమ్

వార్షికోత్సవ సంచికకు ఎవరైనా మహనీయుడి జీవితం రాసి పంపమని మన హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు మేము చాలాసేపు ఆలోచించాం. అంబేద్కర్ గారి గురించి, పూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి పాత సంచికల్లో చాలామంది రాశారు, ఇక ముందూ రాస్తారు. ఈసారి కొంచెం దూరం వెళ్దామనిపించింది. ఆరువందల ఏళ్ల కిందట ఇంగ్లండులో పేద పిల్లలకు తిండి, బట్ట, పడక, చదువు ఒకే ఆవరణలో ఏర్పాటు చేసి, ఆ ఏర్పాటు తన తర్వాత కూడా నిలిచేలా భూములు రాసిపెట్టిన ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు విలియం ఆఫ్ వికమ్. ఆ దేశంలో చదువుల చరిత్ర తెలిసినవారికి బాగా తెలిసిన పేరు. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం కనిపించదు. ఇనుప పెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని హాస్టల్ గేటు దాటిన రోజు గుర్తున్నవాళ్లం కాబట్టి ఆయన కథ మాకు పట్టింది.

దక్షిణ ఇంగ్లండులోని హాంప్‌షైర్ జిల్లాలో వికమ్ అనే గ్రామంలో సుమారు 1324లో ఆయన పుట్టాడు. తండ్రి పేరు జాన్ లాంగ్. లాంగ్ అంటే పొడుగాయన అని అర్థం. అప్పటికి ఇంగ్లండులో సామాన్యులకు ఇంటిపేర్లు ఇంకా స్థిరపడలేదు. ఒకరికి చేసే పనిని బట్టి, ఒకరికి ఆకారాన్ని బట్టి, ఒకరికి ఊరిని బట్టి పేరు వచ్చేది. ఊరు దాటి పోయిన ఈ కుర్రవాడికి ఊరి పేరే ఇంటిపేరైంది. మనలో ఎందరి ఇంటిపేర్లు ఇప్పటికీ ఊళ్ల పేర్లే కదా.

ఆయన పుట్టిన లోకం ఎలాంటిదో తెలియకపోతే ఆయన చేసిన పని విలువ తెలియదు. మధ్యయుగ యూరప్‌లో దేవుడు మనుషుల్ని మూడు రకాలుగా పుట్టించాడని మతాధికారులు బోధించేవారు. ప్రార్థన చేసేవారు, యుద్ధం చేసేవారు, కష్టం చేసేవారు. మొదటి రెండు రకాలవారు కొద్దిమంది. మూడో రకం వారే జనంలో అత్యధికులు. ఊరి భూమి ఒక దొరది. దాన్ని మేనర్ అనేవారు. పొలాలు పొడవాటి చాళ్లుగా చీలి ఉండేవి. ఒక్కో కుటుంబానికి అక్కడొకటి ఇక్కడొకటిగా కొన్ని చాళ్లు ఉండేవి. గోధుమ, బార్లీ, ఓట్లు పండించేవారు. భూమిలో కొంత ప్రతి ఏడాదీ బీడు వదిలేవారు. కింది రైతుల్లో చాలామంది సెర్ఫులు. వారానికి కొన్ని రోజులు దొర పొలంలో ఉచితంగా పని చేయాలి. కోతల కాలంలో అదనంగా రావాలి. మన తాతలు వెట్టి అన్నది ఇదే. దొర మరలోనే పిండి ఆడించుకోవాలి, అందుకు కొంత ధాన్యం ఇచ్చుకోవాలి. కూతురికి పెళ్లి చేయాలంటే దొరకు రుసుము కట్టాలి. ఇంటి యజమాని చచ్చిపోతే ఉన్న పశువుల్లో మంచిదాన్ని దొర తోలుకుపోతాడు. కొడుకును బడికి పంపాలన్నా దొర అనుమతి కావాలి. అనుమతి లేకుండా పంపినందుకు జరిమానా వేసినట్టు ఆనాటి మేనర్ కచేరీ లెక్కల్లో ఉంది. చదివినవాడు చర్చి ఉద్యోగంలో చేరితే పొలం నుంచి రెండు చేతులు పోతాయన్నది దొరల భయం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సెర్ఫుల బతుకును మన అంటరానితనంతో సమానం చేయలేం. సెర్ఫు చర్చిలోకి రావచ్చు, ఊరి బావి నీళ్లు తాగవచ్చు. పారిపోయి హక్కులున్న పట్టణంలో ఏడాది మీద ఒక రోజు ఉండగలిగితే స్వేచ్ఛ పొందే ఆచారం ఉంది. మన పెద్దలు ఏ పట్నం వెళ్లినా కులం వెంట వచ్చింది. అయితే పుట్టుకే పనిని నిర్ణయించాలనే పట్టుదల మాత్రం రెండు చోట్లా ఒకటే.

జాన్ లాంగ్ సెర్ఫు కాదు, స్వేచ్ఛ ఉన్న చిన్న రైతు. తల్లి సిబిల్ కొంచెం పై వంశం మనిషి అంటారు. అంత మాత్రాన బడి ఖర్చు పెట్టుకోగల ఇల్లు కాదు అది. వికమ్ గ్రామ భూస్వాములు, మరికొందరు పెద్దలు ఖర్చు భరించి అతన్ని 25 కిలోమీటర్లు కూడా లేని వించెస్టర్ పట్టణంలో చదివించారు. అక్కడ నేర్పేది లాటిన్ వ్యాకరణం. అతని చిన్నతనంలో ఇంగ్లండు బడుల్లో లాటిన్‌కు అర్థం ఫ్రెంచిలో చెప్పేవారు. ఇంట్లో ఇంగ్లీషు, పంతులు నోట ఫ్రెంచి, పుస్తకంలో లాటిన్! 1385 నాటికి ఫ్రెంచి తప్పుకుని ఇంగ్లీషులోనే చెప్పడం మొదలైంది. ఈనాడు మనం తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అని కొట్టుకుంటుంటే, ఆ ఇంగ్లీషు కూడా ఒకప్పుడు బడి గుమ్మం బయటే ఉండేదని తెలిసి మాకు నవ్వు వచ్చింది.

విలియం విశ్వవిద్యాలయానికి వెళ్లలేదు. స్తోమత లేక ఆగిపోయిన చదువు. ఈయనకు లాటిన్ సరిగ్గా రాదని గిట్టనివాళ్లు తర్వాత రోజుల్లో ఎత్తిపొడిచేవారు. వించెస్టర్‌లోనే గుమస్తాగా కుదిరి లెక్కలు, దస్తావేజులు రాయడం నేర్చాడు.

అతనికి ఇరవై నాలుగేళ్ల వయసులో, 1348 వేసవిలో, దక్షిణ తీరపు రేవులో దిగిన ప్లేగు ఇంగ్లండును కమ్మేసింది. ఏడాదిన్నరలో దేశ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పోయింది. వించెస్టర్ చర్చి మండలంలో మతాధికారులే దాదాపు సగం మంది చనిపోయారు. రోగులకు చివరి ప్రార్థన చేయడానికి వెళ్లినవారికే ముందుగా అంటుకునేది మరి. పొలం దున్నేవాడు లేడు, గొర్రెలు మేపేవాడు లేడు. బతికిన కూలీలు మొదటిసారి రేటు అడగగలిగారు. దొరలు ఊరుకుంటారా? 1349లో రాజశాసనం, 1351లో పార్లమెంటు చట్టం వచ్చాయి. ప్లేగుకు ముందున్న కూలికి మించి ఇవ్వకూడదు, తీసుకోకూడదు. మామూలు రాతి పనివాడికి రోజుకు 3 పెన్నీలు, పెద్ద మేస్త్రీకి 4 పెన్నీలు అని చట్టంలో రాశారు. ఈ 3 పెన్నీల లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1356లో రాజు 3వ ఎడ్వర్డ్ విలియంను విండ్సర్ కోట నిర్మాణ పనుల పర్యవేక్షకుడిగా వేశాడు. జీతం రోజుకు ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. పని గొప్పగా జరిగింది. ఎలా జరిగిందో కూడా చెప్పాలి. జిల్లాల అధికారులకు రాజాజ్ఞలు పంపి వందలాది రాతి పనివాళ్లను బలవంతంగా విండ్సర్‌కు రప్పించారు. బయట ఎక్కువ కూలి దొరుకుతోందని పారిపోయినవాళ్లను పట్టి జైల్లో పెట్టమని ఆజ్ఞలు వచ్చాయి. అది రాజాజ్ఞే, కానీ పర్యవేక్షకుడు మన కథానాయకుడు. రైతు బిడ్డ పైకి వచ్చాక కింద ఉన్నవారి మీద చట్టం ఎలా పని చేస్తుందో ఆయనకు తెలియదని అనలేం. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ పేజీ దాటేసి రాయడం మాకు ఇష్టం లేకపోయింది.

అక్కడి నుంచి ఆయన ఎదుగుదల మెరుపు వేగం. 1363 నాటికి రాజు ఆంతరంగిక ముద్ర ఆయన చేతిలో ఉంది. ఈయన లేకుండా రాజ్యంలో ఏ పనీ జరగదని ఫ్రాయిసార్ అనే ఆనాటి చరిత్రకారుడు రాసిపెట్టాడు. రాజు ఉద్యోగులకు జీతం ఖజానా నుంచి కాకుండా చర్చి పదవుల ఆదాయంగా ఇవ్వడం అప్పటి పద్ధతి. ఒకే మనిషి పది చోట్ల పదవులు పెట్టుకుని ఎక్కడా పని చేయకుండా ఆదాయం తినేవాడు. 1366లో ఎవరెవరికి ఎన్ని పదవులున్నాయో లెక్క చెప్పమన్నప్పుడు విలియం చెప్పిన మొత్తం ఏడాదికి 873 పౌండ్ల పైచిలుకు. పౌండుకు 240 పెన్నీలు. రోజుకు 3 పెన్నీల రాతి పనివాడు ఆ సొమ్ము సంపాదించాలంటే దాదాపు 70 వేల రోజులు, అంటే సెలవు లేకుండా 190 ఏళ్లు పని చేయాలి. మేము రెండుసార్లు లెక్క వేసి చూశాం.

అదే ఏడాది ఆయనను వించెస్టర్ బిషప్‌గా ఎన్నుకున్నారు. ఇంగ్లండులో అత్యంత సంపన్నమైన బిషప్ పదవి అది. దాని కింద యాభైకి పైగా మేనర్లు, వాటిలో వేలాది రైతు కుటుంబాలు. 1367లో రాజ్యానికి ఛాన్సలర్ అయ్యాడు. రాజు తర్వాత అంతటి పదవి. ఏ పట్టణంలో పరుల సొమ్ముతో చదివాడో ఆ పట్టణానికే ప్రభువుగా తిరిగొచ్చాడు.

పడడం కూడా అంతే వేగంగా జరిగింది. ఫ్రాన్సుతో యుద్ధం దెబ్బతినేసరికి 1371లో పార్లమెంటు పాదరీలను పెద్ద పదవుల నుంచి తీసేయమంది, ఆయన రాజీనామా చేశాడు. 1376లో రాజు కొడుకు జాన్ ఆఫ్ గాంట్ పగబట్టి పాత లెక్కలు తవ్వి విచారణ పెట్టించాడు. బిషప్ భూముల ఆదాయం జప్తు చేసి, రాజసభకు 20 మైళ్ల లోపు రాకూడదన్నారు. అప్పటికే ఆయన తన డబ్బుతో ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు పేద విద్యార్థులను చదివిస్తున్నాడు. ఆదాయం ఆగిపోవడంతో వాళ్లను ఇళ్లకు పంపేయాల్సి వచ్చింది. స్కాలర్‌షిప్ రాక చదువు ఆగడం అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. 1377లో విలియంకు భూములు తిరిగి వచ్చాయి. అదే ఏడాది ముసలి రాజు చనిపోయి పదేళ్ల మనవడు 2వ రిచర్డ్ గద్దెక్కాడు. ఆ దెబ్బ ఒకటి నేర్పింది కాబోలు. ఒక మనిషి జేబు మీద ఆధారపడిన సాయం ఆ మనిషితోనే పోతుంది. అందుకే ఆ తర్వాత ఆయన సంస్థలు కట్టాడు. వాటికి సొంత మేనర్లు కొని రాసిచ్చాడు, నియమావళి రాయించాడు, రాజు చేత, పోప్ చేత ఆమోదముద్ర వేయించాడు.

1379లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీకి పత్రం రాశాడు. ఒక వార్డెన్, 70 మంది విద్యార్థులు. నిజంగానే ఆ పదవి పేరు వార్డెనే! ప్లేగు వల్ల తరిగిపోయిన చదువుకున్న మతాధికారులను మళ్లీ తయారుచేయాలన్నది ఉద్దేశం. కానీ ఆక్స్‌ఫర్డ్ దాకా రావాలంటే ముందు లాటిన్ రావాలి. పునాది లేనివాడు పై చదువులో నిలవడని, తన చదువే మధ్యలో ఆగిన ఆయనకు బాగా తెలుసు. అందుకని కింద ఒక బడి, పైన ఒక కాలేజీ, రెండింటినీ నిచ్చెనలా కలిపాడు. బడిలో చదివినవారికే కాలేజీలో చోటు. ఇంగ్లండులో ఇంత పెద్ద ఎత్తున అలాంటి ఏర్పాటు అంతకుముందు లేదు. 1373లోనే వించెస్టర్‌లో పేద పిల్లలకు పాఠం చెప్పేందుకు ఒక పంతులును పదేళ్ల ఒప్పందం మీద పెట్టాడు. 1382లో వించెస్టర్ కాలేజీ అనే వసతి బడికి పత్రం రాశాడు.

ఆ మధ్యలోనే 1381 ఉంది. తలకు ఒక షిల్లింగు చొప్పున వేసిన పన్ను రైతుల ఓపికను తెంచింది. కెంట్, ఎసెక్స్ జిల్లాల జనం లండన్ మీదికి నడిచారు. ఆదాము హవ్వల కాలంలో దొరలెక్కడున్నారని జాన్ బాల్ అనే పాదరీ ఊరూరా అడిగాడు. అప్పటి ఛాన్సలర్‌గా ఉన్న ఆర్చిబిషప్ తల నరికారు. పద్నాలుగేళ్ల రాజు వెట్టి రద్దు చేస్తామని పత్రాలు ఇచ్చాడు. జూన్ 15న నాయకుడు వాట్ టైలర్‌ను రాజు ఎదుటే చంపాక ఆ పత్రాలన్నీ వెనక్కి తీసుకున్నాడు. పదేళ్ల కిందటి దాకా ఛాన్సలర్ పీఠంలో ఉన్న విలియం ఇంకా ఆ పదవిలోనే ఉంటే ఏమయ్యేదో! వెట్టి తర్వాత మెల్లగా వడలిపోయింది కానీ అది రాజు దయ వల్ల కాదు. కూలీలు దొరకని కాలంలో దొరలు బిగించి పట్టుకోలేకపోయారు.

1394 మార్చి 28న ఉదయం 70 మంది పిల్లలు వరుసగా నడిచి కొత్త భవనంలో అడుగుపెట్టారు. ఇక ఆ హాస్టల్ ఎలా ఉండేదో చూద్దాం. చేర్చుకునే వయసు 8 నుంచి 12. చదవడం, చర్చి పాటలు పాడడం, లాటిన్ వ్యాకరణం మొదటి పుస్తకం వచ్చి ఉండాలి. ఏడాది లోపు పాదరీల మాదిరి నడినెత్తి గొరిగించుకోవాలి. 18 ఏళ్లు నిండితే సాధారణంగా వెళ్లిపోవాలి. కింది అంతస్తులో ఆరు గదులు, ఒక్కో గదికి పదిమందికి పైగా. ప్రతి గదిలో నడవడిక బాగున్న ముగ్గురు పెద్ద పిల్లలకు మిగతావారిని చూసుకునే బాధ్యత. సీనియర్ల పెత్తనం ఎక్కడ పుట్టిందో అంటుంటాం, ఇదిగో ఆ మూలాల్లో ఇదొకటి. మెస్ పై అంతస్తులో పెద్ద హాలు. పళ్లేలు లోహానివి కావు, నలుచదరపు చెక్క పలకలు. రొట్టె, బలం తక్కువ ఉండే బార్లీ బీరు, మాంసం, ఉపవాస దినాల్లో చేప. తింటుండగా ఒకరు మతగ్రంథం చదివేవారు. ఏడాదికి ఒకసారి తలముసుగుతో కూడిన పొడవాటి అంగీ ఇచ్చేవారు. తెల్లవారకముందే లేవడం, ప్రార్థన, రోజంతా ఒకే గదిలో ఒకే పంతులు, ఆయనకు ఒక సహాయకుడు.

ఈ 70 మంది కాక పాటలు పాడే 16 మంది చిన్న పిల్లలు ఉండేవారు. వీళ్లు పెద్ద సభ్యుల పడకలు సర్దాలి, హాల్లో వడ్డన చేయాలి. వీళ్లకు తిండి బల్లల మీద మిగిలినది. పేదల కోసం కట్టిన ఇంట్లో కూడా మెట్లు ఉన్నాయి. ఈ వాక్యం చదివినప్పుడు మేము కాసేపు ఆగిపోయాం.

నియమావళిలో రెండు విషయాలు మనకు ముఖ్యం. మొదటిది ఆదాయ పరిమితి. విద్యార్థికి 15 ఏళ్లు రాగానే తనకు ఏడాదికి 5 మార్కులకు మించి రాబడి లేదని ప్రమాణం చేయాలి. 5 మార్కులంటే 800 పెన్నీలు, మన రాతి పనివాడికి దాదాపు 267 రోజుల కూలి. తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి తెచ్చుకునే ఆదాయ ధ్రువపత్రానికి ఆరువందల ఏళ్ల కిందటి అన్న ఇది. రెండోది ఒక మినహాయింపు. కాలేజీకి ఖర్చు లేకుండా, పెద్దింటివారి పిల్లలు పదిమంది దాకా అక్కడ చదువుకోవచ్చు. పలుకుబడి ఉన్నవారి అండ బడికి కావాలని ఆ చిన్న కిటికీ తెరిచి ఉంచాడేమో.

నిజంగా ఎవరు చేరారు? స్థాపకుడి బంధువులకు మొదటి ప్రాధాన్యం. తర్వాత కాలేజీ భూములున్న ఊళ్ల పిల్లలకు, ఆపై వించెస్టర్ మండలం వారికి. చేరినవారిలో ఎక్కువమంది చిన్న రైతుల, పట్టణపు వ్యాపారుల, చిన్నపాటి భూస్వాముల కొడుకులు. సెర్ఫు బిడ్డ లాటిన్ నేర్చి ఆ గుమ్మం దాకా రావడమే కష్టం. ఆ పిల్లలు తిన్న రొట్టె మాత్రం కాలేజీ మేనర్లలో సెర్ఫులు పండించిన గింజలదే. 1391లో సెర్ఫుల పిల్లలను బడికి పంపకుండా నిషేధించమని పార్లమెంటులోని పెద్దలు రాజును కోరారు. రాజు ఒప్పుకోలేదు. 1406లో ఏ స్థితిలో ఉన్న తల్లిదండ్రులైనా తమ కొడుకునుగానీ కూతురునుగానీ నచ్చిన బడిలో చదివించుకోవచ్చని చట్టంలో రాశారు. అది చూడడానికి విలియం లేడు.

1389 నుంచి 1391 వరకు మరోసారి ఛాన్సలర్‌గా పనిచేసి, తర్వాత వించెస్టర్ పెద్ద చర్చిని తిరిగి కట్టించే పనిలో పడ్డాడు. మనిషిని మనిషిగా చేసేది నడవడిక అన్న అర్థం వచ్చే మాటను తన ముద్రవాక్యంగా పెట్టుకున్నాడు. అదీ గొప్పింటి లాటిన్‌లో కాదు, తల్లి భాషలో. వంశం చెప్పుకోవడానికి లేని మనిషి ఆ మాట ఎంచుకోవడంలో వింత లేదు. 1404 సెప్టెంబరు 27న, ఎనభై ఏళ్ల వయసులో, బిషప్స్ వాల్తమ్‌లో కన్నుమూశాడు. ఆయన సమాధి వించెస్టర్ చర్చి లోపలే ఉంది. రాతి మంచం మీద పడుకున్న విగ్రహం పాదాల దగ్గర ముగ్గురు చిన్న మనుషులు కూర్చుని ప్రార్థన చేస్తుంటారు.

న్యూ కాలేజీలో చదివినవారిలో హెన్రీ చిచెలీ అనే పట్టణపు వ్యాపారి కొడుకు 1414లో దేశానికే ఆర్చిబిషప్ అయ్యాడు. తన ఊళ్లో ఒక బడి, ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీ తనూ పెట్టాడు. రాజు 6వ హెన్రీ వించెస్టర్ నమూనా చూసుకుని 1440లో ఈటన్ బడి స్థాపించాడు. పేదల హాస్టల్‌గా మొదలైన ఈ రెండు బడులూ క్రమంగా ధనికులవైపు తిరిగాయి. పదిమంది కోసం తెరిచిన కిటికీ తలుపంత అయింది, తర్వాత గోడంత అయింది. ఫీజు కట్టే పిల్లలు వందల్లోకి పెరిగారు. 70 ఉచిత సీట్లలోకీ స్తోమత ఉన్నవారి పిల్లలే వచ్చారు. 5 మార్కుల ప్రమాణం ఏమైందంటారా? ఆదాయం తండ్రిది, పిల్లవాడి పేరున ఏమీ లేదు కాబట్టి పిల్లవాడు పేదవాడేనని అర్థం చెప్పుకున్నారు. 1818 ప్రాంతంలో పార్లమెంటు సంఘం ఈ సంగతి బయటపెట్టి నిలదీసింది. ప్రమాణం అక్షరం తప్పలేదు, సీటు మాత్రం చేతులు మారింది.

వించెస్టర్ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. ఆ చెక్క పలకలు, ఆ హాలు, ఆ గదులు ఉన్నాయి. బ్రిటన్‌లో అత్యధిక ఫీజు వసూలు చేసే బడుల్లో అదొకటి. ప్రధానమంత్రి పదవి చేసిన రిషి సునాక్ అక్కడ ఫీజు కట్టి చదివినవాడే. న్యూ కాలేజీ 1979లో ఆడపిల్లలను చేర్చుకుంది. వించెస్టర్ బడి పై తరగతుల్లోకి వాళ్లు మొదటిసారి అడుగుపెట్టింది 2022లో. పోటీ పరీక్ష రాసి చేరే స్కాలర్లు ఈనాటికీ 70 మందే. వారిలో ఇంటి ఆదాయం చూసి ఫీజు మాఫీ చేసే పిల్లలు కొందరు ఉంటారు.